కింగ్‌డమ్ హార్ట్స్ రీ:చైన్ ఆఫ్ మెమరీస్: సోరా దారీ రికూ దారీ పూర్తిచేశాక

సోరా అనే కుర్రాడితో, కార్డులతో పోరాడుతూ ఒక కోటలో అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కే ఆట ఇది. దాడి బటన్ నొక్కుతూ పోతే చాలనుకుంటే ఈ ఆటలో మొదటి అంతస్తు దాటేస్తారు. ఆ పైన ప్రతి బాస్ (పెద్ద శత్రువు) దగ్గరా ఇరుక్కుంటారు. ఇక్కడ పోరాటంలో సగం పోరాటం మొదలవకముందే, డెక్ (పోరాటానికి తీసుకెళ్లే కార్డుల కట్ట) పేర్చే మెనూలోనే అయిపోతుంది. రమ్మీలో ముక్కలు ఎలా సర్దుకుంటామో అంత శ్రద్ధగా కార్డులు సర్దుకునేవాళ్లకు ఇది చాలాకాలం గుర్తుండిపోయే ఆట. ఆ ఓపిక లేనివాళ్లకు విసుగే.

మూలం 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది, జూపిటర్ వాళ్లు తయారుచేశారు. దాన్నే 3డీలోకి మార్చి, గొంతులు చేర్చి 2007లో జపాన్‌లో, 2008 డిసెంబర్‌లో అమెరికాలో ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేశారు. ఇప్పుడు కొనేవాళ్లకు దొరికేది 1.5+2.5 రీమిక్స్ సంకలనంలో ఉన్న హెచ్‌డీ కూర్పు. ప్లేస్టేషన్ 4లో 2017 నుంచి, ఎపిక్ స్టోర్‌లో 2021 నుంచి, స్టీమ్‌లో 2024 జూన్ నుంచి ఉంది. పీసీలో ఆడితే గేమ్‌ప్యాడ్ తప్పనిసరి అనే చెబుతాను. పరిగెడుతూ, గెంతుతూ, అదే సమయంలో ఎల్1, ఆర్1 మీద కార్డులు తిప్పుతూ ఉండాలి. కీబోర్డు మీద వేళ్లు చాలవు.

అసలు సూత్రం చిన్నదే. ప్రతి కార్డు మీద 0 నుంచి 9 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. శత్రువు 5 వేశాడు, మీరు 6 వేశారు: వాడి దెబ్బ మధ్యలోనే ఆగిపోతుంది, వాడు తూలిపోతాడు. మీరు 4 వేస్తే తూలేది మీరు. సమానమైతే రెండు కార్డులూ పోతాయి. దీన్నే కార్డ్ బ్రేక్ అంటారు. 0 మాత్రం ప్రత్యేకం. శత్రువు కార్డు వేశాక దాని మీద 0 వేస్తే ఎంత పెద్ద అంకైనా విరుగుతుంది. మీరే ముందు 0 వేస్తే ఏ కార్డైనా దాన్ని విరగ్గొట్టేస్తుంది. అంటే 0 ఎదురు వేయడానికే పనికొస్తుంది, ముందుకెళ్లి కొట్టడానికి కాదు. కొత్తగా ఆడేవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే: 0 కార్డుల్ని దాడి వరుస మధ్యలో పడేస్తారు. మూడు దెబ్బల కాంబో రెండో దెబ్బకే తెగిపోతుంది. 0లను డెక్ చివర ఒకేచోట పెట్టుకుంటే మొదటి కార్డు దగ్గర నుంచి ఎల్1తో వెనక్కి తిప్పగానే అవే చేతికొస్తాయి. అయితే డెక్ మధ్యకు వచ్చాక వాటిని వెతకడానికి సమయం పడుతుంది. అందుకే పెద్ద బాస్‌ల డెక్‌లో రెండు చివర, ఒకటి సరిగ్గా నడుమ పెట్టడం మేలు.

ఇక స్లైట్‌లు. ట్రయాంగిల్ నొక్కి మూడు కార్డులు పక్కన పెట్టి, మళ్లీ నొక్కితే మూడూ కలిసి ఒకే దెబ్బగా పడతాయి. అంకెలు కూడుతాయి కాబట్టి 9+9+9 వేస్తే 27. దాన్ని విరగ్గొట్టడానికి శత్రువు దగ్గర అంతే పెద్ద స్లైటో 0నో ఉండాలి. సరైన కార్డులు కలిస్తే ప్రత్యేకమైన ఎత్తు పుడుతుంది: ఫైర్ మూడు కలిస్తే ఫైరగా, క్యూర్ రెండైతే క్యూరా, మూడైతే క్యూరగా, క్లౌడ్ కార్డులు మూడైతే ఆమ్నిస్లాష్, స్టాప్ ఒకటి దాడి కార్డులు రెండు కలిస్తే లీథల్ ఫ్రేమ్.

దీనికి కట్టాల్సిన మూల్యం ఒకటుంది, దాని లెక్క చాలామంది వేయరు. స్లైట్‌లో మొదట పెట్టిన కార్డు మామూలుగా ఆ పోరాటం ముగిసేదాకా తిరిగి రాదు. వాడేసిన కార్డుల్ని వెనక్కి తెచ్చే రీలోడ్ చేసినా రాదు. 30 కార్డుల డెక్ మొత్తం స్లైట్‌లకే వాడుతున్నారనుకుందాం. మొదటి చుట్టులో 10 స్లైట్‌లు పడతాయి, 10 కార్డులు పోతాయి. మిగిలిన 20తో 6. ఆ తర్వాత 14తో 4, 10తో 3, 7తో 2, ఆపైన ఒక్కొక్కటిగా మూడు. మొత్తం 28 స్లైట్‌లకు డెక్ ఖాళీ, చేతిలో రెండు కార్డులు మిగులుతాయి. 28 ఎక్కువే కదా అనిపిస్తుంది. చిక్కు వేరేచోట ఉంది. ప్రతి మూడింటిలో మొదటిది మాయమవడంతో రెండో చుట్టుకల్లా వరుస జరిగిపోతుంది. అ-ఆ-ఇ, అ-ఆ-ఇ అని పేర్చిన డెక్ రెండో చుట్టులో ఆ-ఇ-ఆ, ఇ-ఆ-ఇ అవుతుంది. మొదటి చుట్టులో చక్కగా పడిన ఎత్తులు రెండో చుట్టులో అసలు పడవు, మామూలు మూడు కార్డుల దెబ్బలా పోతాయి. బాస్ ప్రాణం సగానికి వచ్చాక "ఇందాక పడింది ఇప్పుడెందుకు పడట్లేదు" అనిపించడానికి కారణం ఇదే. డెక్ పేర్చేటప్పుడు ప్రతి మూడు కార్డుల గుంపులో మొదటి కార్డు తీసేసి మిగిలిన వరుస ఒకసారి చదువుకోండి. అందులోనూ రెండు మూడు పనికొచ్చే ఎత్తులుంటే ఆ డెక్ నిలబడుతుంది.

ప్రీమియం కార్డుల విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. వాటికి సీపీ (డెక్‌లో పెట్టడానికి అయ్యే ఖర్చు) తక్కువ పడుతుంది, కానీ విడిగా ఒకసారి వేస్తే రీలోడ్‌లో తిరిగి రావు. స్లైట్‌లో మొదటి కార్డు ఎలాగూ పోయేదే కాబట్టి ఆ చోట ప్రీమియం పెడితే నష్టమేమీ లేదు, మిగిలిన సీపీతో డెక్‌లో మరో మంచి కార్డు పడుతుంది. మామూలు దాడి వరుసలో ప్రీమియం పెట్టడం మాత్రం శుద్ధ దండగ.

సీపీ అంటే డెక్ మోయగల బరువు. లెవెల్ పెరిగినప్పుడల్లా హెచ్‌పీ (ప్రాణం) 15 పెంచుకోవాలా, సీపీ 25 పెంచుకోవాలా అని అడుగుతుంది, కొన్ని లెవెళ్లలో కొత్త స్లైట్ కూడా చూపిస్తుంది. స్లైట్ కనబడితే అదే తీసుకోండి. మిగతా చోట్ల రెండుసార్లు సీపీ, ఒకసారి హెచ్‌పీ అన్న లెక్క బాగా కుదురుతుంది. హెచ్‌పీ మీదే మోజు పడితే 2, 3 అంకెల కార్డులతోనే పై అంతస్తులకు వెళ్లాల్సి వస్తుంది. అక్కడ ప్రతి దెబ్బా విరుగుతుంది, పెంచుకున్న ప్రాణం ఆ తూలిపోవడంలోనే కరిగిపోతుంది.

కార్డులన్నీ అయిపోతే రీలోడ్ కార్డు మీద బటన్ పట్టుకుని ఉండాలి. మొదటిసారి ఒక అంకె నిండితే చాలు, తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. మూడు దాటి పెరగదు. మూడు నిండేలోపు బాస్ దగ్గరకొచ్చి కొడతాడు. ముందు దూరంగా దొర్లి, వాడు పెద్ద ఎత్తు వేసి అలసిన క్షణంలో రీలోడ్ మొదలుపెట్టాలి. పోషన్, ఈథర్ వంటి వస్తువుల కార్డులు ఒకటి రెండు ఉంటే ఈ ఆగడం తప్పుతుంది.

ఇప్పుడు రీమేక్‌లో నచ్చనిది. కార్డుల పద్ధతి 2డీ కోసం కట్టింది. అక్కడ శత్రువు కుడివైపో ఎడమవైపో ఉంటాడు, దూరం కంటికి తెలుస్తుంది. 3డీలో అదే కార్డు వేసినా కీబ్లేడ్ (సోరా చేతిలోని తాళంచెవి ఆకారపు కత్తి) గాలిలో తిరిగి రావడం మామూలైపోయింది. గాలిలో ఎగిరే హార్ట్‌లెస్‌ల (ఆటలోని మామూలు శత్రువుల) మీద ఇది మరీ ఎక్కువ. పోరాడే చోటు చిన్నది, మూలకు చేరితే కెమెరా గోడకు ఆనుకుని శత్రువును చూపించదు. మధ్యలో ఉండి పోరాడటం అలవాటు చేసుకోవాలి. శత్రువుకు దూరమైతే దగ్గరకు ఈడ్చుకెళ్లే స్లైట్‌ల విలువ అందుకే పెరిగిపోయింది, చివరికి చాలామంది అవే మళ్లీ మళ్లీ వేస్తారు. సోనిక్ బ్లేడ్ లాంటి ఎత్తు చేతికొచ్చాక మిగతా కార్డుల్ని మరిచిపోవడం చాలా తేలిక. ఇది ఆట కూర్పులో ఉన్న నిజమైన లోపం. మూడు డెక్‌లు దాచుకునే వీలుంది కాబట్టి ఒకటి బాస్‌లకు అలా ఉంచి, రెండోది మంత్రాలతో, స్నేహితుల కార్డులతో పేర్చుకుంటే ఆట రుచి మిగులుతుంది.

గదులు కట్టే పద్ధతి ఇంకోటి. తలుపు మీద రంగు, అంకె అడుగుతుంది, దానికి సరిపడే మ్యాప్ కార్డు వేస్తే అవతల గది తయారవుతుంది. ఎర్రవి శత్రువులను, ఆకుపచ్చవి పోరాట బలాలను, నీలివి నిధులను మారుస్తాయి. పెద్ద అంకెల మ్యాప్ కార్డులు కింద అంతస్తుల్లో ఖర్చు చేయకండి, పైన తలుపులు వాటినే అడుగుతాయి. మోమెంట్స్ రిప్రీవ్ కార్డు ఒకటి ఎప్పుడూ దాచుకోండి, దాంతో సేవ్ గది వస్తుంది. మూగుల్ గదికెళితే పనికిరాని కార్డులు అమ్మి కొత్త పొట్లాలు కొనుక్కోవచ్చు. గది లోపల శత్రువును ముందుగా మీరే కీబ్లేడ్‌తో కొట్టి పోరాటం మొదలుపెడితే వాళ్లు కాసేపు తూలుతూ ఉంటారు. ఈ అలవాటు ఒక్కటీ సగం శ్రమ తగ్గిస్తుంది. పదమూడు అంతస్తుల కోటలో చాలా లోకాలు మొదటి ఆటలో చూసినవే, గదుల అలంకారం కూడా తిరిగి తిరిగి అదే. ఆరేడు అంతస్తులయ్యాక ఆ విసుగు తప్పదు.

బాస్‌ల దగ్గర నేలమీద పడే గిమ్మిక్ కార్డును వదలొద్దు. ఊగీ బూగీ దగ్గర అది వేస్తే అడ్డంగా ఉన్న కంచె దిగిపోతుంది. అది లేకుండా వాడిని చేరడమే కష్టం. ఆక్సెల్‌కు బ్లిజర్డ్ కార్డులు బాగా తగులుతాయి, ఫైర్ తీసి పక్కన పెట్టండి.

సోరా కథ ముగిశాక అతని స్నేహితుడు రికూ దారి తెరుచుకుంటుంది, నిజానికి కార్డ్ బ్రేక్ మీద ప్రేమ పుట్టేది అక్కడే. డెక్ పేర్చే పని ఉండదు, ప్రతి లోకానికీ ఆటే ఒక డెక్ ఇస్తుంది. రీలోడ్‌కు ఆగక్కర్లేదు. శత్రువుల కార్డుల్ని విరగ్గొట్టేకొద్దీ డార్క్ పాయింట్లు పెరుగుతాయి, అవి 30కి చేరితే డార్క్ మోడ్ వస్తుంది, అప్పుడు అతని చీకటి స్లైట్‌లు పడతాయి. రీమేక్‌లో కొత్తగా చేర్చిన డ్యుయల్ కూడా ఇతని దారిలోనే ఉంది: శత్రువు వేసిన అంకెకు సరిగ్గా అదే అంకె వేసి, ఇచ్చిన సమయంలో వరుసగా వాడి కార్డుల్ని కొడితే పెద్ద దెబ్బ పడుతుంది. మూలంలో లేని జెక్సియన్ అనే బాస్‌తో పోరాటాన్ని కూడా ఇందులో చేర్చారు. రికూతో ఆడేటప్పుడు తొందరపడి ముందు కార్డు వేయకండి. శత్రువు అంకె కనబడేదాకా ఆగి, దానికంటే ఒకటి రెండు ఎక్కువున్నది వేయండి. 9లను దాచుకోండి.