మళ్లీ వరదొస్తే కబురెలా? ఫోన్, వాకీటాకీ, హ్యామ్ రేడియోల్లో ఏది మేలు?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. చేతిలో ఫోన్ ఉన్నా కబురు పోవడమే గగనమైంది. కరెంటు పోయాక టవరుకు దిక్కు బ్యాటరీ, ఆ తర్వాత డీజిల్ జనరేటర్. ఆ డీజిల్ తెచ్చే దారే నీళ్లలో ఉంటే ఇక చేసేదేముంది?

ఈమధ్య మా కాలనీలో మళ్లీ ఈ చర్చ లేచింది. వాకీటాకీలు కొందామని కొందరు, హ్యామ్ (పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న ఔత్సాహికులు నడిపే రేడియో) లైసెన్సు తీసుకుందామని ఇంకొందరు. నన్నడిగితే, కబురు ఎంత దూరం పోవాలో తేల్చుకున్నాకే వస్తువు సంగతి మాట్లాడాలి. పక్కవీధికి పనికొచ్చేది ఊరు దాటడానికి పనికిరాదు.

ఫోన్‌ను అప్పుడే తీసిపారేయొద్దు. కాల్ కలవని చోట కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు పోతుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉన్నా నెట్‌వర్క్ దాన్ని దాచిపెట్టి తర్వాత అందిస్తుంది. ఇంట్లో అందరిదీ ఒకే కంపెనీ సిమ్ అయితే ఆ టవరు పడిపోగానే అందరూ ఒకేసారి మూగబోతారు కాబట్టి రెండు కంపెనీలవి ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ టవరు కోసం వెతికి వెతికి చార్జింగ్ తినేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తెరిచి చూస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లోవాళ్లంతా అనంతపురంలోనో బెంగళూరులోనో ఉన్న ఒకే బంధువుకు మెసేజ్ పెట్టాలని ముందే మాట అనుకోవడం. ఆ నంబరు, 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 ఒక కాగితం మీద రాసి రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మన నంబర్లు మనకే గుర్తుండని రోజులివి.

ల్యాండ్‌లైన్ ఉంది కదా అంటారా? పాత రాగి తీగకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, అందుకే ఇల్లంతా చీకటైనా అది మోగేది. ఇప్పటి ఫైబర్ ఫోన్‌కు ఇంట్లో మోడెమ్ ఆరితే ప్రాణం పోయినట్టే.

వాకీటాకీల్లో లైసెన్సు అక్కర్లేనివి ఉన్నాయి: 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న సెట్లు. డబ్బా మీద కిలోమీటర్ల లెక్క ఘనంగానే ఉంటుంది గానీ, పాతబస్తీ సందుల్లో కాంక్రీటు గోడల మధ్య అందులో కొంతే దక్కుతుంది. మిద్దె మీంచి మిద్దెకైతే బాగా నడుస్తుంది. ఒక చిన్న అలవాటు మాత్రం కావాలి. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. మనం "బోటు రాలేదు" అంటే అవతల "రాలేదు" అని మాత్రమే వినిపిస్తుంది. బోటా, బియ్యమా, డాక్టరా? ఇక ఆన్‌లైన్లో చవగ్గా దొరికే ఎక్కువ పవర్ సెట్ల జోలికి పోకండి. అనుమతుల్లేని సెట్ల అమ్మకాలను కట్టడి చేయడానికే 2025లో కేంద్రం ఈ-కామర్స్ సైట్లకు మార్గదర్శకాలిచ్చింది.

ఊరు దాటాలంటే హ్యామ్ రేడియోకు సాటిలేదు. 2004 సునామీ తర్వాత అండమాన్ నుంచి హ్యామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం కబుర్లు చేరవేసింది దీనితోనే. కడప లాంటి చోట చేతి సెట్ కొండ దాటదు. పాలకొండలు, నల్లమల అడ్డం. 7 మెగాహెర్ట్జ్ మీద యాంటెన్నా తీగను నేలకు తక్కువగా కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి అయనోస్ఫియర్‌ను (రేడియో తరంగాలను తిప్పికొట్టే పైవాతావరణపు పొరను) తాకి చుట్టుపక్కల రెండుమూడు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. కొండ ఎంత ఎత్తున్నా లెక్కలేదు, కారు బ్యాటరీ చాలు. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, లైసెన్సు తీసుకుని సెట్టును అటక మీద పెట్టేస్తే అవసరానికి చెయ్యి తిరగదు, అవతల పలికేవాడూ దొరకడు. వారానికోసారైనా ముచ్చట్లాడే సరదా ఉన్నవాళ్లకే ఇది.

ఇంకో సంగతి. 2021 నవంబరు 19 ఉదయం చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లె వాళ్లకు కావలసింది అటూఇటూ మాట్లాడుకునే యంత్రం కాదు, లేచి పరుగెత్తమనే కేక. అక్కడ బ్యాటరీతో నడిచే గుడి మైకు, మసీదు మైకు, టముకు వీటన్నిటికంటే మేలు. ఫోన్లలో పెద్దగా మోగే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక మంచిదే గానీ దానికీ టవరు బతికుండాలి. శాటిలైట్ ఫోన్ మాటెత్తొద్దు, అనుమతి లేకుండా దగ్గరుంటే కేసే.

కర్నూల్లో ఏటి దగ్గరున్న కుటుంబానికైతే కాగితం, రెండు సిమ్‌లు, పవర్ బ్యాంకు మొదట. డబ్బులు పోగుచేసుకోగల కాలనీకి వీధికో వాకీటాకీ, అదీ ప్రతి నెలా ఒకసారి తీసి చార్జింగ్ పెట్టేవాడు దొరికితేనే. హ్యామ్ పరీక్షకు మా కాలనీలో ఆసక్తి ఉన్న కుర్రాడెవడైనా ముందుకొస్తే ఫీజు అందరం కట్టుకుందామని నా ప్రతిపాదన.