పిన్‌బాల్ ఆగి ఆగి ఆడుతోందని గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

"జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ, కండిషన్ సూపర్" అన్న ప్రకటన చూసి 4,800 రూపాయలు పెట్టి సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. వచ్చింది 2010 నాటి కార్డు. లోపల పేరు మార్చేసి, పైన కొత్త స్టిక్కర్ అంటించి పంపారు. అంతకన్నా ఒళ్లు మండే సంగతి ఏంటంటే, అసలు నాకు కార్డే అక్కర్లేదు. అది తెలిసేసరికి డబ్బులు పోయాయి. ఇంకొకరు ఇదే గోతిలో పడకూడదని మొత్తం రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మా వయసు వాళ్లకు పిన్‌బాల్ అంటే విండోస్ ఎక్స్‌పీలో వచ్చిన స్పేస్ క్యాడెట్టే. డిగ్రీ రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకు డబ్బులు కట్టి, మెయిల్ చూసుకునే పని పది నిమిషాల్లో ముగించి, మిగతా యాభై నిమిషాలు దాని మీదే ఉండేవాళ్లం. విస్టా వచ్చాక అది కనిపించకుండా పోయింది. ఈ మధ్య విజువల్ పిన్‌బాల్ అనే కంప్యూటర్ గేమ్ ప్రోగ్రామ్ గురించి తెలిసింది. పూర్తిగా ఉచితం. పాత పిన్‌బాల్ మెషీన్ల టేబుళ్లను, అంటే ఆట బల్లలను, అభిమానులే ఒక్కొక్కటిగా తయారు చేసి, అవీ ఉచితంగానే పెడుతుంటారు. ఇంట్లో ఓ పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఉంది. ఆరో తరం ఐ ఫైవ్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. దాన్ని హాల్లో ఉన్న 43 అంగుళాల 4కె టీవీకి కలిపి కూర్చున్నాను.

బొమ్మ అదిరిపోయింది కానీ ఆట నడవలేదు. షిఫ్ట్ నొక్కితే ఫ్లిప్పర్ (బంతిని పైకి కొట్టే చిన్న రెక్క) లేచేలోపు బంతి మధ్యలోంచి జారిపోయేది. పైనుంచి దిగేటప్పుడు గంతులేసుకుంటూ వచ్చేది, అంటే ఇక్కడ కనిపించి మాయమై ఇంకో చోట తేలేది. వేరే గేముల్లో ఈ మాత్రం ఆలస్యం పట్టించుకోం. పిన్‌బాల్‌లో ఉన్నదే ఆ క్షణం కదా! రిపేరు షాపు కుర్రాడిని అడిగితే, "కార్డు లేకుండా గేమ్ ఏంటి సార్" అని నవ్వాడు. సరే, వాడి మాట వేదం అనుకున్నాను.

ప్రకటన ఇచ్చినతనికి ఫోన్ చేశాను. మాట చాలా మర్యాదగా ఉంది. "మైనింగ్ కార్డు కాదన్నా, మా ఆఫీసులో డిజైన్ పనికి వాడాం" అన్నాడు, అంటే క్రిప్టో కరెన్సీ తవ్వకానికి రాత్రింబవళ్లు నడిపి అరగదీసింది కాదని. "బిల్లుందా తమ్ముడూ?" అంటే, "ఆఫీసు పేరు మీద ఉందన్నా. వారం టెస్టింగ్ వారంటీ నేనిస్తాగా" అన్నాడు. యూపీఐలో మొత్తం ముందే పంపించాను. నా తప్పు ఇక్కడే మొదలైంది.

పార్సిల్ విప్పినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఫ్యాను మధ్యలో స్టిక్కర్ కొత్తగా మెరుస్తోంది, కానీ కింద గాలి బుడగ ఉంది. వెనక స్క్రూల తలలు నాలుగూ అరిగి, గీతలు పడి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద గుర్తు, నీలం రంగు వీజీఏ పోర్టు, అంటే పాత మానిటర్ల అనలాగ్ కేబుల్ పెట్టే చోటు. 1050 టీఐ 2016లో వచ్చిన పాస్కల్ తరం కార్డు, ఆ తరం చిప్‌లకు అనలాగ్ వీడియో ఇచ్చే ఏర్పాటే లేదు. కాబట్టి ఆ పేరుతో అమ్మే కార్డుకు నీలం పోర్టు కనిపిస్తే ప్రకటన ఫొటో దగ్గరే ఆగిపోండి. నాకు అప్పటికి ఈ సంగతి తెలీదు. పైగా ఆ కార్డుకు ఆరు పిన్నుల పవర్ కేబుల్ అడిగింది. నా పవర్ సప్లైలో అది లేదని తెలిసి అతనే ముందుచూపుగా ఒక కన్వర్టర్ కూడా పెట్టాడు! అసలు 1050 టీఐకి 75 వాట్లు చాలు, చాలా మోడళ్లు స్లాట్ నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తాయి. మోడల్‌ను బట్టి పవర్ కనెక్టర్ ఉన్నవీ ఉన్నాయి, అందుకే ఇదొక్కటే చూసి తేల్చేయకండి. వీజీఏ పోర్టుతో కలిపి చూడండి.

అధికారిక డ్రైవర్ వేస్తే ఎక్కినట్టే ఎక్కి, రీస్టార్ట్ చేశాక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడింది. ఫోన్ చేస్తే, "అది కాదన్నా, నేను లింక్ పంపిస్తా. విండోస్‌లో డ్రైవర్ సిగ్నేచర్ చెకింగ్ ఆపేసి అది వేసుకో" అన్నాడు. ఎవరైనా ఈ మాట అంటే ఫోన్ పెట్టేయండి. ఎవరు రాశారో తెలియని డ్రైవర్‌ను తాళం తీసి మరీ లోపలికి పిలవడమే అది. నేను పిలిచాను. తర్వాత విండోస్ మొత్తం కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది.

విచిత్రం ఏంటంటే, కార్డు పెట్టగానే ఆట నిజంగానే మెరుగుపడింది. బంతి గంతులు తగ్గాయి. నేను సంతోషపడిపోయి అతనికి థ్యాంక్స్ చెబుతూ మెసేజ్ కూడా పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. రెండు రోజుల తర్వాత ఒక పెద్ద టేబుల్ తెరిచాను. లోడ్ అవుతుండగానే తెర నిండా ఆకుపచ్చ గీతలు, ఒక్క క్షణం నలుపు, మళ్లీ డెస్క్‌టాప్. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. చిన్న టేబుళ్లు ఆడుతున్నాయి, పెద్దది ఎత్తితే పడిపోతోంది.

అప్పుడు మా మేనల్లుడు జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడమన్నాడు. తెరవగానే కార్డు పేరు ముందు "ఫేక్" అని రాసి ఉంది. లోపలున్నది జీఎఫ్106 చిప్, షేడర్లు (బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 192. అసలు 1050 టీఐలో ఉండాల్సింది జీపీ107, షేడర్లు 768. అంటే నాకు తగిలింది జీటీఎస్ 450 కాలం సరుకు. దాని బయాస్‌ను, అంటే కార్డు తన వివరాలు చెప్పుకునే లోపలి ప్రోగ్రామ్‌ను, తిరగరాస్తే విండోస్‌కు 1050 టీఐ అనీ, 4 జీబీ అనీ చెబుతుంది. ఉన్న మెమరీ మాత్రం 1 జీబీ. ఆ గీత దాటి బొమ్మలు నింపబోతే ఆకుపచ్చ చారలే. కొనేముందు జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ అడగండి. స్క్రీన్‌షాట్ కూడా దొంగది పంపొచ్చు కాబట్టి, వీడియో కాల్‌లో అప్పటికప్పుడు తెరిచి చూపించమనండి. నిజం కార్డు ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని.

మరి దొంగ కార్డు పెడితే ఆట ఎందుకు మెరుగుపడింది? నన్ను వారం పాటు తొలిచిన ప్రశ్న ఇదే. కార్డు పెట్టాక టీవీలో అక్షరాలు కాస్త మొద్దుగా కనిపించడం గుర్తొచ్చింది. కార్డు పీకేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూస్తే అక్కడ 4కె, 30 హెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకు 30 బొమ్మలు (ఫ్రేములు). ఇలాంటి పాత ఆఫీసు బోర్డుల మీద హెచ్‌డీఎమ్ఐ 1.4 రకం. 4కె పంపగలదు కానీ సెకనుకు 30 ఫ్రేములకు మించి పంపలేదు. టీవీ 4కె అని తెలియగానే విండోస్ తనంతట తానే దాన్ని ఎంచుకుంది. ఆ పాత కార్డుకు 4కె చేతకాదు, అందుకని 1080 రిజల్యూషన్‌కు దిగి 60 హెర్ట్జ్ ఇచ్చింది. ఆట మెరుగుపడింది అందుకే తప్ప కార్డు గొప్పతనం ఏమీ లేదు.

కొంచెం లెక్క వేస్తే సంగతి అర్థమవుతుంది. 30 హెర్ట్జ్ అంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య 33 మిల్లీసెకన్లు. అసలు మెషీన్‌లో పిన్‌బాల్ బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో దిగే బంతి ఆ వ్యవధిలో ఆరున్నర సెంటీమీటర్లు, అంటే తన వ్యాసానికి రెండింతలకు పైగా జరిగిపోతుంది. గంతులేసినట్టు కనిపించక ఏం చేస్తుంది!

రిజల్యూషన్ 1080కి దించి, 60 హెర్ట్జ్ పెట్టాను. ఖర్చు సున్నా. తర్వాత టీవీ మెనూలో గేమ్ మోడ్ ఆన్ చేశాను. అది ఆఫ్‌లో ఉంటే టీవీ ప్రతి బొమ్మకూ మెరుగులు దిద్ది గానీ చూపించదు, కొన్ని టీవీల్లో ఈ ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. ఫ్లిప్పర్ నా వేలికి అంటుకున్నట్టు లేచింది అప్పుడే. ఆ సాయంత్రం ఆడిన ఆటలో మొదటిసారి బంతిని ఫ్లిప్పర్ మీద నిలబెట్టి, గురి చూసి కొట్టగలిగాను.

పెద్ద టేబుళ్లలో ఇంకా కొంచెం బరువు మిగిలింది. విజువల్ పిన్‌బాల్‌లో ఆట మధ్యలో ఎఫ్11 నొక్కితే ఫ్రేముల లెక్క కనిపిస్తుంది. అది 60 దగ్గర నిలబడకుండా ఊగుతుంటే వీడియో ఆప్షన్స్‌లో యాంబియెంట్ ఆక్లూజన్ (మూలల్లో పడే నీడలు), రిఫ్లెక్షన్లు తీసేసి, టెక్స్చర్ల (వస్తువుల మీద అతికించే బొమ్మల) గరిష్ఠ సైజు తగ్గించండి. ప్రీ-రెండర్డ్ (ముందే గీసి పెట్టుకునే) ఫ్రేముల సంఖ్యను 1కి దించి చూడండి, బటన్‌కూ ఫ్లిప్పర్‌కూ మధ్య దూరం ఇంకా తగ్గుతుంది. నేను చివరికి డబ్బు పెట్టింది ఒక్క దాని మీదే, స్నేహితుడి దగ్గర తీసుకున్న రెండో 8 జీబీ స్టిక్. విడిగా కార్డు లేని కంప్యూటర్‌లో బొమ్మలకు కూడా ర్యామే దిక్కు, స్టిక్కులు రెండైతే ఆ దారి రెండు వరసలవుతుంది. తేడా బాగా తెలిసింది.

అలాగని ఫ్రేములు ఎంత పెరిగితే అంత మంచిదని కూడా పరుగెత్తకండి. స్పేస్ క్యాడెట్‌కు సరిగ్గా ఉల్టా జబ్బు ఉండేది. కంప్యూటర్ ఎంత వేగంగా గీయగలిగితే అంత వేగంగా గీసేది. కొత్త మెషీన్ల మీద సెకనుకు 5,000 ఫ్రేముల దాకా పోయి ప్రాసెసర్‌ను పీల్చేసేదట. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ రేమండ్ చెన్ దాన్ని 100 దగ్గర కట్టడి చేశాడు. ఆటకు ఏ లోటూ రాలేదు.

ఇదే ప్రకటనల్లో ఇంకో రకం కూడా కనిపిస్తోంది. టేబుళ్లన్నీ నింపిన హార్డ్ డిస్క్ అట, వేలల్లో ధర. అందులో ఉన్నది ఉచితంగా దొరికే సరుకే, తయారు చేసినవాళ్లకు ఒక్క రూపాయి కూడా వెళ్లదు. పైగా ఆ డిస్క్‌లో ఇంకేం పెట్టి పంపుతారో ఎవరికి తెలుసు? దాని జోలికి పోకండి.

నా డబ్బు సంగతికొస్తే, జీపీయూ-జెడ్ ఫొటో పంపిన పది నిమిషాల్లో అతను నన్ను బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. యూపీఐ లావాదేవీ నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్, మెసేజ్‌లు అడిగారు. నేను ఆలస్యంగా చేశాను, అప్పటికి పన్నెండు రోజులైంది. మోసమని తెలిసిన గంటలోనే చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ. షాపులో బిల్లుతో కొని మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు అడగడానికి మొహమాటపడకండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

నిన్న రాత్రి మళ్లీ అదే యాప్ చూశాను. వేరే పేరు, వేరే ఊరు, ధర 4,499. కొత్త ఫొటో తీసే ఓపిక కూడా లేనట్టుంది, స్టిక్కర్ కింద అదే గాలి బుడగ, పక్కన అదే నీలం పోర్టు.