వీడియోలు బానే ఉన్నాయి, క్విజ్‌లే చిరాకు

ఇటాలియన్‌లో మిగతావన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చా గానీ రిఫ్లెక్సివ్ వెర్బ్స్ (చేసిన పని చేసినవాళ్ళ మీదకే తిరిగొచ్చే క్రియలు) దగ్గర బండి ఆగిపోయింది, అందుకే ఈ ఒక్క టాపిక్ మీదే ఉన్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి తీసుకుని మొన్ననే పూర్తిచేశా. 5కి 3 ఇస్తా.

మి, తి, సి, చి, వి, సి అని ఆరు ప్రొనౌన్లు ముందే బట్టీ పట్టించేస్తారు, అది మంచిదే. కానీ సార్ ప్రతిదానికీ 'నన్ను నేను, తనని తాను' అంటూ పోతాడు, నన్ను నేను కడుగుతాను అని ఎవరంటారండీ? మనకి 'కొను' ఉంది కదా! కారు కడిగాను అంటే ఓ లవాతో లా మాక్కినా, చేతులు కడుక్కున్నాను అంటే మి సోనో లవాతా లె మాని. 'నా' చేతులు అని మనమూ అనం, వాళ్ళూ అనరు. ఇది తట్టాక సగం కోర్సు ఊరికే వచ్చేసింది, దువ్వుకోవడం పెత్తినార్సి, కోటు వేసుకోవడానికి మెత్తెర్సి, పెళ్ళి చేసుకోవడం స్పొజార్సి, ఆఖరికి నిద్రలోకి జారుకోవడం కూడా అద్దోర్మెంతార్సి. అన్నిచోట్లా కుదరదు లెండి, లేవడానికి మనకి కొను లేదు, వాళ్ళకి మాత్రం అల్త్సార్సి, నేర్చుకోవడానికి మనకుంది, వాళ్ళది చివర 'సి' లేని ఉత్త ఇంపరారే.

ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, కలుసుకోవడం లాంటివాటికి కూడా ఇదే పద్ధతి, చి వెదియామో అంటే మళ్ళీ కలుద్దాం అని. రోజూ నోట్లో నానేది ఇదే, దీన్ని రెండు నిమిషాల్లో లాగించేశారు.

పాస్ట్ టెన్స్ పాఠం మాత్రం సూపర్. పాస్ట్ టెన్స్‌లో సాయానికొచ్చే క్రియలు రెండు, అవేరే (ఓ లవాతోలో 'ఓ'), ఎస్సెరే (మి సోనో లవాతాలో 'సోనో'); రిఫ్లెక్సివ్ అయితే అవేరే ఊసే ఎత్తకూడదు, ఎప్పుడూ ఎస్సెరేనే, అందుకే లేచింది మగాడైతే అల్త్సాతో, ఆడమనిషైతే అల్త్సాతా అని చక్కగా చెప్పాడు. ఆ ఊపులో క్విజ్‌కి వెళ్ళి 'నేను లేచాను'కి మి సోనో అల్త్సాతా అని కొట్టా, ఎర్రగా ఇంటూ మార్కు! అల్త్సాతో మాత్రమే తీసుకుంటుందట, ఆడవాళ్ళు లేవరు కాబోలు. ఇంకోచోట 'నేను లేవాలి' అని అడిగితే దేవో అల్త్సార్మి రైటట, మి దేవో అల్త్సారే తప్పట, ప్రొనౌన్ వెనక అతికించినా ముందు పెట్టినా రెండూ కరెక్టే అని పోయిన వీడియోలో చెప్పింది ఆయనే. మెయిల్ పెడితే 'పాఠం మళ్ళీ ఒకసారి చూడండి' అని రిప్లై.

చివరి టెస్టు మొత్తం మగాడిలా రాసి పాసయ్యా.