యార్క్ షాంబుల్స్ వీధి: డబ్బులిచ్చి విన్నదీ, ఊరికే విన్నదీ

ఇంగ్లండ్‌లో యార్క్ వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. రోడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడి "దెయ్యాలు, హత్యలు, రహస్యాలు" అంటూ పిలిచేవాళ్లకి డబ్బులు ఇవ్వకండి. నేనిచ్చాను. తలకి 15 పౌండ్లు, ముగ్గురికి 45. ఆ మంట ఇంకా చల్లారలేదు.

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి నెల అయింది. మేముండే లీడ్స్ నుంచి యార్క్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. శనివారం వెళ్లి రాత్రికి ఉండి వచ్చేద్దామనుకున్నాం. ఆ రోజు గుర్రప్పందేలు ఉన్నాయని చూసుకోకపోవడం నా తప్పే. పందేల రోజున ఊళ్లో గదుల రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి. పాత కోటగోడ లోపలే ఉండాలని పట్టుబట్టి తీసుకున్న గదికి 168 పౌండ్లు, టిఫిన్ కాకుండా. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. నేల ఎంత వాలుగా ఉందంటే, నాన్న చేతిలోంచి జారిన బీపీ మాత్ర దొర్లుకుంటూ పోయి కిటికీ కింద ఆగింది. "చాలా పాత ఇల్లు కదండీ" అంది రిసెప్షన్‌లో అమ్మాయి, అది మాకు చేసిన ఉపకారమన్నట్టు. రాత్రి రెండింటి దాకా కింద తాగినవాళ్ల పాటలు. గోడకి బయట, పది నిమిషాల నడకలో, 90కే దొరుకుతున్నాయని తర్వాత తెలిసింది. అక్కడే తీసుకోండి.

ఇక ఆ 45 పౌండ్ల సంగతి. గంటన్నర అన్న నడక ముప్పావుగంటలో ముగించాడు. షాంబుల్స్‌లోకి తీసుకెళ్లి, హ్యారీ పాటర్ సినిమాలు ఇక్కడే తీశారన్నాడు. తీయలేదు. 35వ నంబరు ఇంటి ముందు ఆగి, "మతం కోసం ప్రాణమిచ్చిన మార్గరెట్ క్లిథరో కాపురం చేసిన ఇల్లు ఇదే" అన్నాడు. చివరికి ఒక బొమ్మల కొట్టు ముందు దింపి, చేతిలో పది శాతం తగ్గింపు కాగితం పెట్టి వెళ్లిపోయాడు. "మనల్ని అమ్మేశాడురా వీడు" అన్నాడు నాన్న. పక్కనే దెయ్యం బొమ్మలు అమ్మే కొట్టు ముందు పెద్ద క్యూ. సర్వదర్శనానికి నిలబడ్డట్టు నిలబడ్డారు జనం.

ఆదివారం పొద్దున ఎగ్జిబిషన్ స్క్వేర్ దగ్గర ఉచితంగా ఊరు చూపించే వాలంటీర్లు ఉంటారని బేకరీలో ఒకావిడ చెప్పింది. 1951 నుంచి నడుస్తోందట. ఉచితం అనగానే అమ్మకి అనుమానం, "ఇంకే కొట్టుకి తీసుకెళ్తారో" అంది. డెబ్బై దాటిన పెద్దాయన వచ్చాడు. రెండు గంటలు నడిపించాడు, అమ్మ మోకాలు చూసి మెట్ల దగ్గర ఆగాడు. ఈ ఊళ్లో వీధిని గేట్ అంటారు, కోట గేటుని బార్ అంటారు, బార్‌ని పబ్ అంటారు అని పాత జోకు వేశాడు. గేట్ అనేది 866లో ఊరిని పట్టుకున్న వైకింగుల భాషలో వీధికి మాటట.

షాంబుల్స్‌లో అదే వీధి వేరేగా కనిపించింది. 1086లో ఇంగ్లండ్ రాజు, విజేత విలియం చేయించిన లెక్కల పుస్తకంలోనే ఇక్కడి మాంసం దుకాణాల ప్రస్తావన ఉంది. షాంబుల్స్ అంటే మాంసం పెట్టి అమ్మే బల్లలు. గందరగోళాన్ని ఇంగ్లీషులో ఇప్పుడు షాంబుల్స్ అనడం ఆ బల్లల మాట నుంచే వచ్చింది. పై అంతస్తులు ముందుకి వంగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటే, అందం కోసం కట్టారనుకున్నాను. నీడ పడితే మాంసం త్వరగా చెడిపోదు, అదీ సంగతి. రెండు వైపులా అరుగులు ఎత్తుగా, మధ్య దారి పల్లంగా ఉండేది నెత్తురు కడిగిన నీళ్లు పోవడానికి. 1872లో కూడా 25 మాంసం కొట్లు ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు, కొక్కేలు మాత్రం కొన్ని చూరు కింద వేలాడుతున్నాయి. నాన్న వాటిని చూసి, "మన ఆదివారం మస్తాన్ కొట్టే" అని సంబరపడ్డాడు. అమ్మ అలవాటుగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, వాసన పోయి ఎన్నేళ్లయిందో గుర్తు చేసినా తీయలేదు.

35వ నంబరు దగ్గర పెద్దాయన నవ్వాడు. అది మార్గరెట్ క్లిథరో పేరున పెట్టిన ప్రార్థన గది, లోపలికి ఉచితం. ఆవిడ ఉన్నది 10వ నంబరు ఇల్లని ఇప్పుడు అనుకుంటున్నారట. మార్గరెట్ మాంసం వ్యాపారి భార్య. కాథలిక్ పూజలు నేరమైన రోజుల్లో పూజారులకి ఇంట్లో చోటిచ్చింది. కోర్టులో నేరం చేశానని గానీ లేదని గానీ చెప్పనంది. విచారణ జరిగితే కన్నపిల్లలే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని. అలా నోరు విప్పనివాళ్లకి వేసే శిక్షే వేశారు. 1586 మార్చి 25న పడుకోబెట్టి, మీద తలుపు చెక్క వేసి, బరువులు పేర్చి చంపారు. 1970లో పోప్ ఆమెను సెయింట్‌గా ప్రకటించాడు.

అమ్మ కొంగు దించేసింది. ఆ చిన్న గదిలో బల్ల మీద పావుగంట కూర్చుంది.

బయటికొచ్చాక పెద్దాయనకి 10 పౌండ్లు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు. ఆ డబ్బుతో నాన్న రోస్ట్ మాంసం చుట్టిన యార్క్‌షైర్ పుడ్డింగ్ తిన్నాడు, 9.50. ఉప్పు తక్కువైందన్నాడు గానీ ముక్క మిగల్చలేదు. అమ్మ డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం గోడ పక్క బెంచీ మీద తింది. మూడు కిలోమీటర్లు దాటిన ఆ గోడ మీద నడవడానికి కూడా టికెట్ లేదు, కానీ కొన్నిచోట్ల లోపలి వైపు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పిల్లలతో జాగ్రత్త.

తిరుగు రైల్లో నాన్న గురక పెడుతుంటే అమ్మ అడిగింది, "ఆవిడ పిల్లలేమయ్యారురా?"

పెద్దాయన చెప్పిందే చెప్పాను. కొడుకులిద్దరూ కాథలిక్ పూజారులయ్యారు, కూతురు దేశం దాటిపోయి నన్ అయింది.

"మరి ఆ మొగుడు?" అంది.