కుటుంబం ఎక్కే పికప్‌కు లిఫ్ట్, రిమ్ములు, టైర్లు: మూడేళ్ల వాడకం తర్వాత

మాది నాలుగు తలుపుల పికప్. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు, వెనక ఇరుసుకు కమాన్ పట్టీలు. మామూలు రోజుల్లో పిల్లల బడి, ఆఫీసు, ఇంటి పనులు. సెలవులొస్తే తొట్టి నిండా సామాను వేసుకుని దూరప్రయాణం, అందులో కొంత రాళ్ల దారి. ఈ బండికి 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర మార్చి బండిని ఎత్తు పెంచడం), 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, ఒక సైజు పెద్ద ఆల్ టెర్రైన్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించి మూడేళ్లు దాటింది. బండిని చూసినవాళ్లు "ఇంతేనా ఎత్తు?" అంటారు. అవును, ఇంతే. కావాలనే ఇక్కడ ఆపాను.

లిఫ్ట్ అనగానే అందరూ ఎన్ని అంగుళాలు అని అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది బండి మీద ఎప్పుడూ ఎంత బరువు ఉంటుందన్నది. వెనక కమాన్ పట్టీలు బరువును బట్టి అమ్ముతారు: ఖాళీ తొట్టికి ఒక రకం, ఎప్పుడూ రెండు మూడు వందల కిలోలు ఉండే బండికి ఇంకోటి, 500 కిలోలు మోసేదానికి మరొకటి. ఇందులో 'ఎప్పుడూ' అన్న మాటను చాలామంది వదిలేస్తారు. ఏడాదికోసారి సిమెంటు బస్తాలు వేస్తాం కదా అని 500 కిలోల పట్టీ ఎక్కించుకుంటే, మిగతా రోజులన్నీ వెనక సీట్లో వాళ్లు చిన్న గుంతకి కూడా ఎగిరిపడతారు. ఆ పట్టీకి వంగేంత బరువే లేనప్పుడు అది స్ప్రింగులా పనిచేయదు.

అందుకని మేం మామూలుగా తిరిగే సామానుతోనే బండిని కాటా దగ్గరికి తీసుకెళ్లి ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించాం. తొట్టి మీద క్యానోపీ (మూసి ఉండే కప్పు), లోపల ఒక పెట్టె, పనిముట్లు ఉన్నాయి. ఇవి దించేవి కావు. ఈ లెక్కకు మధ్యరకం పట్టీ సరిపోయింది. వర్క్‌షాప్ అతను బరువైనది తీసుకోమని గట్టిగానే చెప్పాడు. కాటా చీటీ చూపిస్తే ఇంక మాట్లాడలేదు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి: పట్టీలు గట్టివి వేసినంత మాత్రాన బండి మోయగల పరిమితి పెరగదు. తయారీదారు ఇచ్చిన మొత్తం బరువు పరిమితి అలాగే ఉంటుంది. ఇరుసు, బ్రేకులు, ఫ్రేమ్ పాతవే కదా.

ఇక ఎత్తు. ముందు వైపు లేపడానికి అతి తేలిక దారి షాక్ (ఊగుడును అణిచే షాక్ అబ్సార్బర్) పైభాగంలో స్పేసర్, అంటే దిమ్మ పెట్టడం. షాక్ కింది కొస, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ మీద చక్రానికి లోపలి వైపు బిగించి ఉంటుంది కాబట్టి, 25 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే చక్రం దగ్గర దాదాపు దానికి రెట్టింపు లేస్తుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. కానీ షాక్ పాతదే, స్ప్రింగ్ పాతదే, బండి నడకలో మార్పేమీ ఉండదు. పైగా గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు ఆర్మ్ కొసనున్న బాల్ జాయింటూ, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లూ అవి పనిచేయాల్సిన కోణం దాటిపోతాయి. బాడీ లిఫ్ట్ అని ఇంకోటి ఉంది. ఫ్రేముకీ క్యాబిన్‌కీ మధ్య దిమ్మలు పెట్టి పైభాగాన్ని మాత్రం లేపుతారు. పెద్ద టైర్లకు చోటు దొరుకుతుంది, అంతకు మించి నాకు అందులో ఉపయోగం కనపడలేదు. వెనక ఇరుసుకీ పట్టీకీ మధ్య దిమ్మ పెట్టడం కూడా వద్దనుకున్నాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరగడానికి ఆ ఎత్తు తోడవుతుంది. మేం నాలుగు షాకులు, ముందు స్ప్రింగులు, వెనక పట్టీలు, వాటిని ఇరుసుకు కట్టే యూ బోల్టులు అన్నీ కొత్తవే వేయించాం.

40 మిల్లీమీటర్ల దగ్గరే ఆగడానికి కారణం అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు. ఇలాంటి బండిని ముందు లేపేకొద్దీ కాస్టర్ (ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. కాస్టర్ తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, హైవే మీద బండి అటూ ఇటూ పోతున్నట్టు ఉంటుంది. చాలా పికప్‌లలో 50 మిల్లీమీటర్లు దాటాక కంపెనీ అప్పర్ ఆర్మ్‌తో ఈ కాస్టర్‌ని వెనక్కి తేలేం. వేరే ఆర్మ్‌లు కొనాలి. ఇంకా లేపితే డిఫరెన్షియల్‌ను (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) కిందికి దించే బ్రాకెట్లు, మరీ పైకి పోతే బ్రేకు గొట్టాలు. ఒక్కో అంగుళం వెనకాల ఇంకో సామాను లిస్టు వస్తుంది. మాకు పాత ఆర్మ్‌లతోనే అలైన్‌మెంట్‌లో చూసే మూడు కోణాలూ పరిమితిలోకి వచ్చాయి. ఆ కొలతల ప్రింటు అడిగి తీసుకుని డాష్‌బోర్డ్ అరలో పెట్టాను, తర్వాత అలైన్‌మెంట్ చేయించినప్పుడల్లా దానితో పోల్చి చూస్తాను.

లెవెలింగ్ కిట్ గురించి ఒక మాట. కొత్త పికప్ వెనక భాగం ముందుకన్నా కొంచెం ఎత్తుగా ఉంటుంది, చూడ్డానికి ముక్కు వంగినట్టు. దాన్ని సమం చేయాలని ముందు మాత్రం లేపుతారు. ఫొటోల్లో బాగుంటుంది. ఆ వెనక ఎత్తు బరువు కోసం ఇచ్చినది. కుటుంబం ఎక్కి, తొట్టిలో సామాను వేశాక వెనక దిగుతుంది, అప్పుడు బండి తలెత్తిన గుర్రంలా అవుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. మేం ఖాళీ బండిలో వెనక 20 మిల్లీమీటర్లకు పైగా ఎత్తుగానే ఉంచాం. నిండా ఎక్కినప్పుడు సమంగా నిలబడుతుంది. ఈ నిర్ణయం గురించి మూడేళ్లలో ఒక్కసారి కూడా రెండో ఆలోచన రాలేదు.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. లిఫ్ట్ వేస్తే బండి కింద అన్నీ లేవవు. వెనక ఇరుసు, దాని మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ గిన్నె సరిగ్గా ముందున్న ఎత్తులోనే ఉంటాయి, ఎందుకంటే అవి చక్రాలకే తగిలించి ఉన్నాయి. వాటిని లేపేది టైరు ఒక్కటే. లిఫ్ట్ వల్ల బంపర్లు, మెట్లు, బండి నడుం భాగం పైకి వెళ్తాయి. గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలదు, దిబ్బ దాటేటప్పుడు నడుం ఆనదు. దారి మధ్యలో పొడుచుకొచ్చిన రాయి సంగతి వేరు, దానికి టైరు సైజే లెక్క.

మా బండికి కంపెనీ ఇచ్చినవి 265/65ఆర్17, అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. మేం వేసింది 265/70ఆర్17. వెడల్పు అదే, ఎత్తు దాదాపు 776 మిల్లీమీటర్ల నుంచి 803కి పెరిగింది. అందులో సగం, అంటే 13 మిల్లీమీటర్లు మాత్రమే ఇరుసు లేస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. 285/70ఆర్17 వేస్తే 27 వస్తుంది కానీ, చాలా పికప్‌లలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డ్ లైనర్‌కో, వెనక వైపు క్యాబిన్ మూలకో రాసుకుంటుంది. కొందరు ఆ ఇనుప అంచును కోయిస్తారు, కొట్టిస్తారు. పిల్లల్ని ఎక్కించుకునే బండికి అంత అవసరం లేదు. బరువైన టైరు తిప్పడానికీ ఆపడానికీ కూడా ఎక్కువ శక్తి కావాలి.

స్పీడోమీటర్ కూడా మారుతుంది. మా సైజుకు తేడా 3.4 శాతం, మీటర్ సరిగ్గా చూపించే బండి అయితే అందులో 100 అన్నప్పుడు అసలు వేగం 103కు పైన. మైలేజ్ పడిపోయిందని గోల పెట్టేవాళ్లు ఒక విషయం చూసుకోవాలి: మీటరు కిలోమీటర్లను తక్కువగా లెక్కిస్తోంది, కాబట్టి నష్టంలో కొంత కాగితం మీదిదే. ఆ సవరణ చేశాక కూడా మాకు తగ్గింది. నగరంలో ఎక్కువగా, హైవే మీద కొద్దిగా.

టైరు రకంలో ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసి ఉండే బరువైన రకాన్ని కాదని మామూలు నిర్మాణం ఉన్న ఆల్ టెర్రైన్ తీసుకున్నాను. ఎల్‌టీ టైరు పక్కగోడ దళసరి, పదునైన రాళ్లకు తట్టుకుంటుంది. కానీ అదే బరువు మోయడానికి దానికి ఎక్కువ గాలి కావాలి, ఎక్కువ గాలితో ఖాళీ బండి కుదుపు పెరుగుతుంది. రోజూ రాళ్లలో తిరిగేవాళ్లకు అదే సరైనది. మాకు కాదు. ఏది తీసుకున్నా లోడ్ ఇండెక్స్ మాత్రం పాత టైరుకన్నా తగ్గకూడదు. 112 అని ఉంటే ఒక్కో టైరు 1120 కిలోల వరకు మోస్తుందని అర్థం.

రిమ్ముల దగ్గర డిజైన్ కన్నా ఆఫ్‌సెట్ ముఖ్యం, అంటే రిమ్ము బండికి ఆనే ముఖం దాని వెడల్పు మధ్యరేఖకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ కొలత; అది తగ్గేకొద్దీ రిమ్ము బయటికి వస్తుంది. మా పాతవి ఏడున్నర అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ ప్లస్ 30. కొత్తవి ఎనిమిది అంగుళాలు, ప్లస్ 20. లెక్క వేస్తే రిమ్ము బయటి అంచు 16 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపలి అంచు నాలుగు మిల్లీమీటర్ల లోపే జరుగుతుంది. టైరు ఇంకా మడ్‌గార్డ్ నీడలోనే ఉంది. అందరూ ఇష్టపడే తొమ్మిది అంగుళాల, సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము అయితే దాదాపు 49 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. బురద తలుపుల మీద పడుతుంది, చక్రం బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గుంతలో పడినప్పుడల్లా స్టీరింగ్ చేతుల్లోంచి లాగుతుంది. ఒక స్నేహితుడి బండి నడిపి చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. 20 అంగుళాల రిమ్ములు కూడా అంతే: బయటి ఎత్తు మారకుండా రిమ్ము పెరిగితే రబ్బరు తగ్గుతుంది, కుదుపు మింగేది ఆ రబ్బరే.

బోల్టుల అమరిక ఒకటైతే రిమ్ము సరిపోయినట్టే అనుకోవద్దు. టయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్ రెండింటికీ ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వృత్తమే. కానీ మధ్య రంధ్రం హైలక్స్‌కు 106.1, రేంజర్‌కు 93.1. పెద్ద రంధ్రం ఉన్న రిమ్మును చిన్న హబ్‌కు (రిమ్ము కూర్చునే బండి వైపు భాగం) వేస్తే రింగు పెట్టి మధ్యకు కూర్చోబెట్టాలి, లేకపోతే వేగంలో వణుకు రావచ్చు. నట్లు కూడా చూసుకోవాలి. కొన్ని కంపెనీ రిమ్ములకు చదునైన వాషర్ ఉన్న నట్లు వస్తాయి, బయట కొన్న వాటికి ఎక్కువగా శంఖం ఆకారపు నట్లు కావాలి. పాత నట్లతో కొత్త రిమ్ము బిగిస్తే అది పట్టినట్టే కనిపిస్తుంది, పట్టదు. బిగించాక 100 కిలోమీటర్ల లోపు టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడాలి.

బిగించే రోజు దగ్గరుండండి. ముందు ఆర్మ్‌ల బుష్షుల (కీళ్లలో ఉండే రబ్బరు) బోల్టులు, వెనక పట్టీ కొసల బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరిసారి బిగించాలి. మా వర్క్‌షాప్‌లో బండి పైకెత్తే యంత్రం మీద వేలాడుతుండగానే అన్నీ బిగించేశారు. అలా చేస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుపోయి, బండి దించాక ఎప్పుడూ లాగబడుతూనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. చెప్పి వదులు చేయించి మళ్లీ బిగించాల్సి వచ్చింది. హెడ్‌లైట్లు కిందికి దించడం కూడా అడిగితేనే చేశారు. ముందు కెమెరా, రాడార్ ఉన్న బండైతే వాటి క్యాలిబ్రేషన్ అవసరమేమో కంపెనీని అడగాలి.

మొదటి నెలల్లో ఒక్కటే చికాకు. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు కింద నుంచి గుడగుడమని వణుకు. వెనక ఇరుసు కోణం మారడంతో ఆ ఇరుసుకు శక్తి పంపే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగ్ దగ్గర వచ్చే జబ్బు ఇది. బేరింగ్ బ్రాకెట్ కింద సన్నటి స్పేసర్ పెట్టి దించితే పోయింది. కొత్త పట్టీలు కూడా కొంత కూర్చుంటాయి, ఆ తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి, అలైన్‌మెంట్ మళ్లీ చూపించాలి.

ఇంట్లోవాళ్ల తీర్పు రెండు రకాలు. వెనక సీట్లో పిల్లలకు కడుపులో తిప్పడం బాగా తగ్గింది. పాత షాకులతో గుంత దాటాక బండి రెండు మూడు సార్లు ఊగేది, ఇప్పుడు ఒక్కసారి దిగి నిలబడిపోతుంది. అమ్మకు మాత్రం నచ్చలేదు. "ముందే ఎక్కలేక చస్తుంటే ఇంకా లేపావేంట్రా" అంది. టైరుతో కలిపి నేల నుంచి అయిదు సెంటీమీటర్లకు పైనే పెరిగింది మరి. వెడల్పాటి పక్కమెట్టు, తలుపు పక్క స్తంభానికి చేతిపిడి పెట్టించాక సర్దుకుంది, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రోజూ ఎక్కే బండైతే ఎత్తు పెంచకుండా షాకులు, పట్టీలు మాత్రమే మార్చుకోమంటాను.

మలుపుల్లో ఒరుగు పెరగలేదు, అది కొత్త షాకుల చలవ. అయినా గురుత్వకేంద్రం పైకి వెళ్లిన మాట నిజం. క్యానోపీ పైన సామాను కట్టిన రోజు వేగం తగ్గించే నడుపుతాను. టైరు రొద 80 దాటాక వినిపిస్తుంది, అరిగేకొద్దీ పెరిగింది. టైర్లను క్రమం తప్పకుండా ముందుకూ వెనక్కీ మారుస్తున్నా రెండో ఏడాదిలో ముందు టైర్ల బయటి అంచు కొంచెం ఎక్కువ అరిగింది. అలైన్‌మెంట్ సరిచేశాక ఆగింది. వెనక షాకుల్లో ఒకటి నూనె చెమరుస్తోంది, ఇంకా పనిచేస్తోంది, వారంటీలో మార్చుకోవాలి.

మీ దగ్గర రవాణా నియమాలు ఎంత ఎత్తు, ఏ టైరు సైజు ఒప్పుకుంటాయో ముందే చూసుకోండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. అయిదో టైరు కూడా అదే సైజులో కొనండి. కొలతలు వేరైన స్పేర్‌తో ఫోర్ వీల్ వేసి గట్టి రోడ్డు మీద నడిపితే గేర్లు దెబ్బతింటాయి. మేం కొన్న స్పేర్ తొట్టి కింది గూటిలో పడుతుందో లేదో టేపుతో కొలిచాకే ఆర్డర్ ఇచ్చాను. ఈ టైర్లు ఇంకో ఏడాది వస్తాయేమో. తర్వాత ఇదే సైజులో కాస్త రొద తక్కువ ట్రెడ్ వేయిస్తాను. కమాన్ పట్టీల జోలికి మాత్రం వెళ్లను.