కోపాసీ: ఎంజైముల పంపకాన్ని లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్

అమలాపురంలో డిగ్రీ విద్యార్థులకు బయోకెమిస్ట్రీ చెప్పే నాకు, జీవక్రియా మార్గాలు (కణంలో ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటిగా నడిపే రసాయన చర్యల వరుసలు) పరిణామంలో పొదుపు ఎలా నేర్చుకుంటాయో లెక్కతో చూపించాలని చాలాకాలంగా కోరిక. ఈ ఏడాది కోపాసీతో అది తీరింది. ఇది 1990ల నాటి జెపాసీ అన్న సాఫ్ట్‌వేర్‌కు వారసురాలు. ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు కనుక, వానపడితే సిగ్నల్ పోయే మా కోనసీమకు ఇది చిన్న సుగుణమేమీ కాదు.

నేను పెట్టిన పరీక్ష ఇది. వరుసగా మూడు ద్విగత చర్యలు (ముందుకూ వెనక్కూ నడిచేవి), సమతాస్థితి స్థిరాంకాలన్నీ 1 (అంటే ఏ దిశకూ మొగ్గు లేదు), ఎంజైముల వేగ స్థిరాంకాలు 1, 4, 16. ప్రొటీన్ తయారీకి కణం ఖర్చు పెట్టుకోవాలి గనుక మొత్తం ఎంజైము 7 యూనిట్లు దాటకూడదన్న షరతు. మొదటి పదార్థం గాఢతను 1 వద్ద, చివరిదాన్ని 0 వద్ద స్థిరంగా ఉంచాను. ఎంజైమును మూడు చర్యలకూ సమానంగా పంచితే ప్రవాహం, అంటే మార్గం గుండా పదార్థం సాగే వేగం, 1.78 వచ్చింది, గరిష్ఠ ప్రవాహాన్నిచ్చే పంపకాన్ని వెతికే ఆప్టిమైజేషన్‌కు అప్పగిస్తే అది 4, 2, 1 చొప్పున పంచి 2.29కి చేర్చింది. మందకొడి ఎంజైముకే పెద్ద వాటా దక్కింది. శివారు చేలకు నీరందాలంటే హెడ్ తూము ఒక్కటే వెడల్పు చేస్తే చాలదని, ఇరుకైన చోట పూడిక తీయాలని కాలువ కింద సేద్యం చేసే ఇళ్ల పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

అంతకంటే ముచ్చటైనది నియంత్రణ గుణకాల పట్టిక. ఒక ఎంజైమును కాస్త పెంచితే ప్రవాహం ఏ నిష్పత్తిలో పెరుగుతుందో ఈ గుణకం చెబుతుంది. ఆ పంపకంలో అవి 4/7, 2/7, 1/7గా వచ్చాయి, అంటే ఎంజైము వాటా ఎంతో ప్రవాహం మీద పెత్తనమూ అంతే. వాటి మొత్తం 1 కావాలన్నది 1973లో కాక్సర్, బర్న్స్ అనే శాస్త్రవేత్తలు చూపిన సూత్రం. ఒక్క చర్యే మార్గాన్నంతా శాసిస్తుందన్న పాత పాఠం నా తరగతిలో అక్కడే సడలింది.

మొదటిసారి మూడో ఎంజైమును 7లోంచి మిగతా రెండూ తీసేసిన విలువగా రాసి, అది సున్నాకు తగ్గకూడదన్న షరతు పెట్టడం మరిచాను. సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా మైనస్ ఎంజైముతో అసాధ్యమైన ప్రవాహాన్ని చూపింది. తప్పు నాదే, అయినా ఒక హెచ్చరిక ఉంటే బాగుండేది.

నా అసలు అభ్యంతరం ఆప్టిమైజేషన్ పద్ధతుల మెనూలో కనిపించే ‘ఎవల్యూషనరీ ప్రోగ్రామింగ్’ అన్న పేరు. అది వెతికే పద్ధతి మాత్రమే, సహజ వరణం కాదు. ఏ ఉత్పరివర్తనం (జన్యువులో వచ్చే మార్పు) ముందు వచ్చింది, జనాభాలో ఎలా నిలిచింది అన్నది ఈ లెక్క చెప్పదు, చేరగల గరిష్ఠ స్థానాన్ని మాత్రమే చెబుతుంది. ఆ తేడాను మొదటి రోజే చెప్పకపోతే పిల్లలు కంప్యూటర్‌లో పరిణామాన్ని చూశామనుకుంటారు. మా వాళ్లలో సగం మంది అలాగే రికార్డుల్లో రాశారు, తిరిగి రాయించాను.