వల గుళ్ళు పోసే అచ్చు: కొనదగినదే, తోడిచ్చిన గిన్నెను మాత్రం పక్కన పెట్టాలి

విసురు వల అంచుకు కట్టే సీసపు గుళ్ళను ఎవరికి వారే పోసుకునే అల్యూమినియం అచ్చును కాకినాడ జగన్నాథపురంలో వలలు అమ్మే ఒక కొట్టులో 1,650 రూపాయలకు కొన్నాను. పెట్టెలో రెండు భాగాలుగా తెరుచుకునే అచ్చు, దాని కర్ర పిడులు, గుళ్ళకు రంధ్రం రావడానికి నడుమ పెట్టే ఇనుప ఊచ, సీసం కరిగించడానికి ఒక పల్చని అల్యూమినియం గిన్నె, ఒక ఇనుప గరిటె, తెలుగులో అచ్చు వేసిన ఒక కరపత్రం ఉన్నాయి. వీటిలో అచ్చు చక్కగా పనిచేస్తుంది, గరిటెకు వంక పెట్టనక్కరలేదు. గిన్నె వాడదగినది కాదు. కరపత్రం మాత్రం మా కోనసీమ లాంటి తడి నేలలో ఉండేవారికి అపాయకరమైన సలహా ఒకటి ఇస్తోంది. నాలాగే వల విసరడం వచ్చి, సీసం కరిగించడం ఎన్నడూ ఎరుగని వారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

సీసాన్ని కరిగించి అచ్చులో పోసే ఈ పనికి, కొన్ని విదేశాల్లో తుపాకీ గుండ్లను ఇంటి దగ్గర పోసుకునే పనికి పద్ధతిలో పెద్ద తేడా లేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి కనుక ఆ జోలికి పోవలసిన పని మనకు లేదు. వల గుళ్ళకు అలాంటి అడ్డంకి ఏదీ లేదు గాని, కరిగిన సీసం ప్రమాదం రెండు చోట్లా ఒకటే.

అచ్చులో ఒకే వరుసలో ఎనిమిది గుంటలు ఉన్నాయి. ఒక్కొక్క గుండు పొడవు 15 మిల్లీమీటర్లు, లావు 8 మిల్లీమీటర్లు, నడుమ రంధ్రం 3 మిల్లీమీటర్లు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు కాబట్టి లెక్క ప్రకారం ఒక్కొక్కటి ఏడు గ్రాములకు కొంచెం పైగా తూగాలి, వచ్చిన గుళ్ళు కూడా అంతే తూగాయి. పైభాగాన పొడుగునా ఒక గాడి ఉంది. దానిలో పోసిన సీసం ఎనిమిది గుంటల్లోకీ దిగి, మిగిలినది గాడిలోనే పట్టీగా గడ్డకడుతుంది. ఆ గాడి లోతుగా చేయడం తయారీదారు తెలివితేటలకు నిదర్శనం. సీసం గడ్డకట్టేటప్పుడు సుమారు మూడున్నర శాతం కుంచించుకుపోతుంది. పైన వేడి సీసం నిల్వ ఉంటేనే ఆ లోటు పూడుతుంది, లేకపోతే ప్రతి గుండు తల మీదా ఒక గుంట మిగిలిపోతుంది. అచ్చు రెండు భాగాలూ ఒకదానితో ఒకటి సరిగ్గా కూర్చునేలా మూలల్లో బుడిపెలు పెట్టారు, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసినా సందు కనిపించదు. సందులోంచి కారి గట్టిపడే పల్చని సీసపు రెక్కలు గుళ్ళ పక్కన రాకపోవడానికి కారణం ఇదే. చవక అచ్చులతో పోసిన గుళ్ళకు ఆకురాయితో రెక్కలు గీకవలసి వస్తుంది, ఆ గీకుడులో వచ్చే సీసపు పొడి ముక్కులోకీ బట్టల మీదికీ చేరుతుంది. నా దృష్టిలో ఈ అచ్చు విలువంతా ఆ పొడి లేకపోవడంలోనే ఉంది.

మొదటి పోతలో వచ్చిన గుళ్ళు ఎండు ఖర్జూరాల్లా ముడతలు పడి ఉన్నాయి. ఇది అచ్చు లోపం కాదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లని అల్యూమినియం తగలగానే గుంట పూర్తిగా నిండకముందే పైపొర గట్టిపడిపోతుంది. పోతపోతకూ అచ్చు వేడెక్కుతున్నకొద్దీ ముడతలు తగ్గి, ఆ తరువాత గుళ్ళు నున్నగా, వెండి రంగులో వస్తాయి. అచ్చు మరీ వేడెక్కితే పైన తెల్లటి మంచు పట్టినట్లు కనిపిస్తుంది, అప్పుడు కాసేపు తెరిచి ఉంచితే చాలు. పాడైన గుళ్ళన్నీ మళ్ళీ కరిగించుకోవచ్చు కనుక నష్టమేమీ లేదు. పోసే ముందు కిరసనాయిలు దీపం మసిని గుంటల లోపల పల్చగా పట్టించమని కరపత్రంలో ఉంది. ఈ సలహా మంచిది, అలా చేస్తే గుళ్ళు అచ్చును అంటుకోకుండా ఊడివస్తాయి.

ఊచ విషయంలో మాత్రం కొంత చిరాకు తప్పదు. గాడిలోని సీసం మెరుపు పోయి మసక బారగానే, అచ్చు తెరవకుండానే, పటకారుతో ఊచ కొస పట్టుకుని కొద్దిగా తిప్పి లాగాలి. అప్పుడది బిగువుగా కదిలి, ఆ తరువాత ఒక్కసారిగా జారి వస్తుంది. కాసేపు ఆలస్యమైతే చల్లారుతున్న సీసం ఊచను ఎనిమిది చోట్ల బిగించి పట్టుకుంటుంది, ఇక సుత్తితో కొట్టి దించవలసిందే. పైగా ఈ ఊచ ఏ పూతా లేని మామూలు ఇనుము. శ్రావణ భాద్రపదాల్లో మా ఇళ్ళలో ఉప్పు డబ్బాయే నీరు కారుతుంది. ఆ గాలిలో రాత్రికి రాత్రే ఊచకు తుప్పు పొక్కులు వస్తాయి, తుప్పు పట్టిన ఊచ సులువుగా ఊడిరాదు. వాడిన ప్రతిసారీ తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి పెట్టుకోవాలి. మళ్ళీ వాడే ముందు ఆ నూనెను పూర్తిగా తుడిచి మసి పట్టించాలి. ఇంత శ్రమ లేకుండా స్టెయిన్‌లెస్ స్టీలు ఊచ ఇచ్చి ఉంటే ధర నాలుగు రూపాయలు పెరిగినా ఎవరూ కాదనరు.

గిన్నె సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక 350, 400 డిగ్రీల సీసాన్ని అది మోయగలదని తయారీదారు అనుకుని ఉండవచ్చు; కాని అల్యూమినియం కరిగేదాకా గట్టిగా ఉండి హఠాత్తుగా కరిగే లోహం కాదు, వేడెక్కుతున్నకొద్దీ మెత్తబడి బలం కోల్పోతుంది. దానికి తోడు సీసం నీటికి పదకొండు రెట్లకు పైగా బరువు. అర లీటరు పట్టే ఈ గిన్నెను సగం నింపినా దాదాపు మూడు కిలోల బరువు, రెండు చిన్న రివిట్ల మీద నిలబడ్డ పిడికి వేలాడుతుంది. మంట మీద ఉండగా గిన్నె అడుగు కొద్దిగా కిందికి జారినట్లు కనిపించగానే దానిని దించి, ఇంట్లో పాతబడ్డ మందపాటి ఇనుప మూకుడును వాడాను. ఆ మూకుడు ఇక ఎన్నటికీ వంటకు పనికిరాదు. ఎవరూ పొరపాటున వంటింట్లోకి తీసుకుపోకుండా దాని చెవులకు ఎర్ర రంగు వేసి దొడ్లోనే వేలాడదీశాను. ఇనుప గరిటె మాత్రం బాగుంది. పది మిల్లీలీటర్లు పట్టే గరిటె నూరు గ్రాములకు పైగా కరిగిన సీసాన్ని ఎత్తుతుంది, ఎనిమిది గుళ్ళకూ గాడికీ అది సరిపోతుంది, పక్కన ఉన్న ముక్కు వల్ల ధార సన్నగా పడుతుంది.

ఇక కరపత్రం. అందులో ఒకచోట, గిన్నెలో సీసం తగ్గినప్పుడు మిగిలిన ముక్కలను కరిగిన సీసంలో వేస్తూ పోవాలని ఉంది. గోదావరి పాయల మధ్య ఈ మాట ఎంత ప్రమాదమో రాసినవారికి తట్టలేదు. కొత్త సీసం కడ్డీలు కొనేవారు మా వైపు తక్కువ. చిరిగిన వలల నుంచి కోసిన పాత గుళ్ళనే మళ్ళీ కరిగిస్తారు. ఆ గుళ్ళ రంధ్రాల్లో నైలాను దారం ముక్కలూ, ఒండ్రూ, తడీ ఉండిపోతాయి. తడి ముక్క కరిగిన సీసంలో మునిగితే ఆ నీరు ఒక్క క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది, మూకుడులోని సీసం ఆ దెబ్బకు ముఖం మీదికి చిమ్ముతుంది. నేను కరపత్రం చదువుకుంటూ పాత గుళ్ళ డబ్బా దగ్గరకు జరుపుకుంటున్నప్పుడు, తరతరాలుగా వేటే వృత్తిగా ఉన్న మా పక్కింటి పెద్దాయన గట్టు మీద నుంచి కేక వేశారు.

“మాస్టారూ, ఆగండాగండి. ఆ గుళ్ళు మొన్నటిదాకా గౌతమిలో నానినవండి. పొయ్యి ఆరిపోయాక చల్లటి మూకుట్లోనే వేసుకోండి, దానితోపాటే వేడెక్కుతాయి.”

“కరపత్రంలో ఇలాగే వేయమని ఉంది కదా బాబాయ్?”

“కాగితం రాసినాయన ఎప్పుడైనా ఏట్లో దిగాడాండీ?”

పద్ధతి అంతా ఆయన మాటలోనే ఉంది. వాడదలచిన సీసమంతా మొదటే చల్లని మూకుడులో వేసి, సన్నని మంట మీద వేడెక్కిస్తే, కరిగే వేడికి చాలా ముందే తడి ఆవిరై పోతుంది. తరువాత ముక్కలు కలపవలసి వస్తే మంట ఆర్పి, సీసం గడ్డకట్టేదాకా ఆగడమే క్షేమం. గరిటెను, అచ్చును కూడా ముందుగా మూకుడు అంచున ఉంచి వెచ్చబెట్టాలి, ఎందుకంటే మా గాలిలో చల్లని లోహం మీద కంటికి కనిపించని చెమ్మ పేరుకుంటుంది. పనిచేసే చోటికి దగ్గరలో నీళ్ళ బిందె ఉండకూడదు. వాన మబ్బు కనిపిస్తే పని మొదలుపెట్టకూడదు. మా ప్రాంతంలో దీనికి వేసవే అనువైన కాలం. కొబ్బరి చిప్పల మంట మీద కూడా ప్రయత్నించాను గాని, అది ఒక్కసారిగా భగ్గుమని లేచి వేడి అదుపు తప్పుతుంది. దొడ్లో పెట్టిన ఒంటి గ్యాసు పొయ్యి దీనికి మేలు.

కరిగిన సీసం మీద బూడిద రంగు తెట్టు కడుతుంది. చిన్న మైనపు ముక్క వేసి ఎండిన పుల్లతో కలిపితే అది భగ్గున మండి, తెట్టులో చాలా భాగం తిరిగి సీసంగా మారుతుంది, మిగిలినది పొడిగా పైకి తేలుతుంది. ఆ పొడే అన్నిటికన్నా విషం. కరిగించే వేడిలో సీసం నుంచి ఆవిరి తక్కువే వస్తుంది. శరీరంలోకి చేరేది ఎక్కువగా ఈ ఆక్సైడు దుమ్ము, అదీ చేతుల ద్వారా, బట్టల ద్వారా. దానిని మూత ఉన్న డబ్బాలో వేయాలి తప్ప పంట కాలువలోకో కొబ్బరి పాదులోకో విసరకూడదు. సీసం ఎంత తక్కువైనా హాని లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది, పిల్లల మెదడు మీద దాని ప్రభావం మరీ ఎక్కువ. కనుక చిన్న పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట్లో ఈ అచ్చు పెట్టెను కొనవద్దనే నా సలహా. మిగిలినవారు ఆరుబయట, గాలికి ఎగువన నిలబడి, కళ్ళద్దాలూ తోలు చేతితొడుగులూ బూట్లూ నిండు చేతుల నూలు చొక్కా వేసుకుని పనిచేయాలి. అయిపోగానే సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతుక్కోవాలి. నోట్లో బీడీ పెట్టుకుని సీసం పోసేవారిని చూశాను. చేతి దుమ్ము నేరుగా నోటికి చేరడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ఇన్ని జాగ్రత్తల్లో ఒక్కటీ కరపత్రంలో లేదు.

పాత బ్యాటరీల సీసం చవకగా దొరుకుతుంది గాని దానిని ముట్టుకోకూడదు. ఆ పలకల్లో సీసపు ఆక్సైడూ సల్ఫేటూ ఆమ్లమూ ఉంటాయి, కొన్నిటిలో యాంటిమొనీ, ఆర్సెనిక్ కూడా కలిసి ఉంటాయి. వాటి నుంచి ప్రాణాంతకమైన వాయువులు వెలువడవచ్చు. పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లర్లకు చేరాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి.

ఇంత శ్రమకు ఫలితం ఉందా అంటే, అవసరాన్ని బట్టి ఉంటుంది. మూడు మీటర్ల పొడవున్న విసురు వలకు అంచు చుట్టుకొలత సుమారు 19 మీటర్లు. పది సెంటీమీటర్లకు ఒక గుండు చొప్పున కట్టినా 190 గుళ్ళు, దాదాపు 1.4 కిలోల సీసం కావాలి. అంటే ఇరవై నాలుగు పోతలు. వరద నీటిలో విసిరే వలకు గుళ్ళు ఇంకా దగ్గరగా కట్టాలి. ఒకే ఒక్క వల కోసమైతే తయారు గుళ్ళు కొనుక్కోవడమే నయం. ఏటా రాతి గట్ల దగ్గరా మడ మొదళ్ళలోనూ గుళ్ళు తెగిపోయేవారికి, ఇంట్లో పాత వలల సీసం మూలుగుతున్నవారికి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అచ్చు పంచుకునేవారికి ఇది గిట్టుబాటు అవుతుంది. తెగి నీటిలో పడిన గుళ్ళ గురించి కూడా కొంచెం ఆలోచించాలి: హంసలు వాటిని మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో గాలం వేటకు వాడే చిన్న సీసపు గుళ్ళ అమ్మకాన్ని 1987లో నిషేధించారు. కోరింగ మడ అడవుల పక్కన నీటి పక్షుల నడుమ వల విసిరే మనకు అది పరాయి విషయం కాదు. లోతు తక్కువ ఉన్న చోట ఇనుప గొలుసు కట్టిన వల చాలా మట్టుకు అదే పని చేస్తుంది.

గిన్నె, ఊచ, కరపత్రం గురించి కొట్టు యజమానికి చెప్పాను. కరపత్రం తాము రాసింది కాదన్నారు. స్టీలు ఊచ విడిగా 60 రూపాయలకు ఇచ్చారు, అది అచ్చులో సరిగ్గా ఇమిడింది. గిన్నె వద్దనేవారికి అచ్చు, గరిటె మాత్రమే 1,300 రూపాయలకు ఇస్తామన్నారు. కొనదలచినవారు అలాగే అడిగి తీసుకోవచ్చు.